కువైట్ విమానంలో కార్తీక సోమవారం

శ్రీకరమై, శివంకరమై, గౌతమీ తరంగ శీకరాలతో నిత్యం అభిషేకం జరుపుకుంటూ, కొబ్బరాకుల గలగలలే వేదఘోషగా, కోతకొచ్చిన వరిచేల పరిమళమే సాంబ్రాణి ధూపంగా విరాజిల్లే కోనసీమలో, ఐనవిల్లి విఘ్నేశ్వరుడి చల్లని చూపు సోకేంత దూరాన, ముక్తేశ్వరమనే పురవరం ఒకటి కలదు. ఆ పురవరాన పుట్టి, ఆ పురవరాన పెరిగి, కొబ్బరికాయను చెవి దగ్గర ఊపి లోపలి నీరెంతో చెప్పగల నారికేళ వర్తక శిరోమణి అమ్మిరాజు, ఇటీవలి ఒకానొక కార్తీకమాసపు కడపటి సోమవారాన, మబ్బులకు పైన, నడుముకు పట్టీ బిగించుకుని, సాక్షాత్తూ సూర్యభగవానుడితో తలపడ్డాడు. ఆ సమరగాథను చెబుతున్నాను. విన్నవారికి పుణ్యం వస్తుందో రాదో నేను చెప్పలేను గానీ, ఆకలి మాత్రం తప్పక వేస్తుంది.

యుద్ధానికి కారణం ముందు తెలియాలి. అమ్మిరాజుకు, ఆయన ధర్మపత్ని వీరాయమ్మకు శిరీష ఒక్కతే కూతురు. అల్లుడు ఉదయ్ కువైట్‌లో ఏసీలు బాగుచేస్తాడు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు ఆ పిల్లకు నెల తప్పింది. ఆ కబురు విన్న సాయంత్రమే అమ్మిరాజు ముక్తేశ్వరస్వామి గుడికి వెళ్ళి, నంది వెనక నిలబడి, భీష్మప్రతిజ్ఞకు ఏమాత్రం తీసిపోని ప్రతిజ్ఞ ఒకటి చేశాడు.

"తండ్రీ! కార్తీకంలో ఎన్ని సోమవారాలుంటే అన్ని సోమవారాలూ, ఆకాశాన చుక్కను నా కంటితో చూసేదాకా మెతుకు ముట్టను. నా బిడ్డకు పురుడు సుఖంగా పొయ్యి స్వామీ!"

గడియారం చూసి తినడం కాదు, పంచాంగం చూసి తినడం కాదు, చుక్కను చూసి తినడం. ఒక్క సోమవారం తప్పినా మొక్కు మొత్తం తప్పినట్టే. ఆయన తినందే వీరాయమ్మ తినదు. ఇది ఆవిడ ఎవరి ముందూ చేయని ప్రతిజ్ఞ. కాపురానికొచ్చిన నాటి నుంచీ అలాగే జరుగుతున్నది.

మూడు సోమవారాలను అమ్మిరాజు అవలీలగా జయించాడు. నాలుగోది అలా చిక్కేది కాదు. కూతురికి నెలలు నిండుతున్నాయి, అల్లుడికి టిక్కెట్లు ఆ రోజుకే దొరికాయి. హైదరాబాదు నుంచి కువైట్‌కు ఆకాశయానం. శత్రువు మన పెరట్లోకి వస్తే ఒక దారి, మనమే శత్రువు ఇంటికి వెళితే ఇంకో దారి!

ప్రయాణానికి ముందు కొబ్బరి రాశి పక్కన యుద్ధసభ కొలువుతీరింది. అమ్మిరాజుకు ఆప్తుడు, వరసకు బావమరిది, రావులపాలెం దాటితే దారి తెలియనివాడు, అయినా లోకంలోని సకల దారులూ చెప్పేవాడు అయిన ఏడుకొండలు, కళ్ళజోడు సవరించుకుని టిక్కెట్టు చదివాడు.

"ఎక్కేది రెండున్నరకి, దిగేది అయిదింటికి. అంటే రెండున్నర గంటలేనండి బావగారూ! మా ఆవిడ అమలాపురం వెళ్ళి ఓ చీర ఎంచుకోడానికి ఇంతకన్నా ఎక్కువ పడద్ది."

"మరి సముద్రం దాటాలంటన్నారు గదా?" అన్నాడు అమ్మిరాజు.

"గాల్లో సముద్రమేంటి, పంటకాలవేంటండీ! అక్కడేవన్నా గేట్లున్నాయా, గోతులున్నాయా? మూడువేల కిలోమీటర్లంటే దానికో లెక్కా! అయిదింటికి దిగుతారు. ఆరింటికి అమ్మాయి ఇంట్లో తానం చేసి దీపం పెడతారు. చుక్క చూస్తారు. అమ్మాయి వడ్డిస్తే తింటారు. ఆయ్!"

టిక్కెట్టు మీద ఏ ఊరి వేళ ఆ ఊరిదే వేస్తారని, కువైట్ గడియారం మన గడియారానికి రెండున్నర గంటలు వెనక నడుస్తుందని, ఆ సభలో ఒక్కరికీ తట్టలేదు. ఊరికో గడియారం ఉంటుందని మనం మాత్రం ఎందుకనుకుంటాం? తెల్లారితే అందరికీ తెల్లారినట్టే కదా.

ఆ వ్యూహాన్ని నమ్మి వీరాయమ్మ సున్నుండలు, చెగోడీలు, కొబ్బరి లౌజు, ఆవకాయ, అన్నిటినీ పెద్ద సంచుల్లో సర్ది తాళాలు వేసింది. శంషాబాదులో ఆ సంచులు నల్లని పట్టా మీద మెల్లగా కదులుతూ విమానగర్భంలోకి వెళ్ళిపోయాయి. తరువాత జరిగిన ఘోరసంగ్రామమంతటిలోనూ ఆ సున్నుండలు సరిగ్గా అమ్మిరాజు పాదాల కిందే ఉన్నాయి. సేనకు అందని ఆయుధాగారం అంటే అదే.

తెల్లవారుజామున బస్సు దిగి, విమానాశ్రయపు కుళాయి దగ్గర గోదావరిని తలచుకుంటూ మూడు దోసిళ్ళు నెత్తిన చల్లుకుని, నుదుట విభూతి దట్టించి, ఆ వీరుడు మధ్యాహ్నం విమానమెక్కాడు. నడవ పక్కన వీరాయమ్మ, నడుమ అమ్మిరాజు, కిటికీ దగ్గర రాజోలు కుర్రవాడు జాన్. కువైట్‌లో బస్సు నడుపుతాడు. అక్క పెళ్ళికొచ్చి తిరిగి వెళుతున్నాడు. కూర్చోగానే "ఏ ఊరండీ?" అని అడిగి, "ముక్తేశ్వరమా! అయితే మనోరేనండీ, బాబాయ్‌గారూ, పిన్నిగారూ" అని చుట్టరికం కలిపేశాడు.

విమానం గాలిలోకి లేచింది. పైనుంచి చోదకుడి కంఠం మొదట హిందీలో, ఆపైన ఇంగ్లీషులో, మేఘగర్జన వలె ఏదో ప్రకటించింది.

"ఏవంటన్నాడు బాబూ?" అన్నాడు అమ్మిరాజు.

"అయిదు గంటల ప్రయాణవంటండి."

అమ్మిరాజు గుండెలో ప్రథమ బాణం దిగింది. "అయిదింటికి దిగుతావంటన్నాడా?"

"కాదండీ. అయిదు గంటలు పడద్దంటన్నాడు. మన టయిం ఏడున్నరకి దిగుతాం. అక్కడప్పుడు అయిదు. వాళ్ళ గడియారం వెనకండి."

వీరాయమ్మ మొగుడి వంక చూసింది. ఆ చూపులో ఏడుకొండలు కనబడ్డాడు. "దిగాక మీ బావమరిదికి ఫోన్ చేసి చెప్పండి, వాళ్ళావిడ చీర కన్నా ఇదే ఎక్కువ పట్టిందని."

వీరుడన్నవాడు తొలి దెబ్బకు కూలడు. అమ్మిరాజు వెంటనే నూతన వ్యూహం రచించాడు. ఏడున్నరకు దిగితేనేం? ఆరింటికి ఆకాశంలోనే ఉంటాం. చుక్కలకు ఇంకా దగ్గరగా ఉంటాం. కిటికీలోంచి చూసి, వీళ్ళు పెట్టేదే తినేద్దాం. అల్లుడు ముందుచూపు గలవాడు, ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం చెప్పే ఉంచాడు.

నాలుగున్నరకు ఆ భోజనం రానే వచ్చింది. తళతళలాడే వెండి కాగితపు కవచాన్ని ధరించి, ఆవిరి అనే కత్తిని దూసి, జీలకర్ర వాసన అనే భేరి మోగించుకుంటూ, అన్నమూ పప్పూ కూరా అనే త్రివిధ బలంతో ఎదుట మోహరించింది. చుట్టూ మూడు వందల మంది ఒక్కసారిగా కవచాలు చీల్చారు. ఆ చీలికల చప్పుడుకు అమ్మిరాజు కడుపులో ఎక్కడో ఒక శంఖం ఊదబడింది.

"సార్, మీరు తినడం లేదేంటి?" అంది విమానంలో వడ్డించే అమ్మాయి. తెలుగు పిల్లే.

"చుక్క చూసి తింటానమ్మా. ఇలాగే ఉంచు."

ఆ పిల్ల "మా అమ్మమ్మా అంతే సార్" అని నవ్వి వెళ్ళింది.

అయిదు దాటింది. అయిదున్నర దాటింది. అమ్మిరాజు చేతి గడియారం ఊరి వేళలోనే ఉంది. ఊళ్ళో ఈపాటికి కాకులు కొబ్బరిచెట్లకు చేరతాయి. ఆరయింది. కిటికీలో సూర్యుడు మాత్రం కట్టేసిన ఆబోతులా ఉన్నచోటే ఉన్నాడు! పైగా ఎడమ కిటికీలోంచి సరాసరి అమ్మిరాజు మొహం మీదికే నిప్పులు చెరుగుతున్నాడు.

"ఏవయ్యా జానూ, ఇంకా పొద్దు గూకదేం?"

"ఇటెళ్ళేటప్పుడు అంత తొందరగా గూకదండీ బాబాయ్‌గారూ! మనం పడమటికి పోతన్నాం గదండీ. ఆయన పోతన్నాడు, ఆయన ఎనకాలే మనవూ పోతన్నాం. తిరిగొచ్చేటప్పుడు చూడండి, ఇట్టే చీకటడిపోద్ది."

"అంటే ఎంతసేపు తరిమితే అంతసేపూ ఉంటాడా?"

"దిగేదాకా ఉంటాడేవోనండి."

అప్పుడు తెలిసింది అమ్మిరాజుకు, తాను ఎవరితో పందెం కట్టాడో! రోషావేశంతో, పట్టీ అనుమతించినంత మేరకు లేచి, కిటికీ వంక చెయ్యి చాపి, ఆ మహావీరుడు ఇలా గర్జించాడు:

"ఓ సహస్రకిరణా! ఓ కమలబాంధవా! మొన్నటి సోమవారం మా పెరట్లో, చెప్పినమాట వినే పిల్లవాడిలా, కొబ్బరిచెట్ల వెనక బుద్ధిగా ఒదిగినవాడివే! నేడు నీకీ మొండితనమేల? నీ సప్తాశ్వాలకు దాణా వేసే వేళ కాలేదా? నీ సారథికి ఆలుబిడ్డలు లేరా? దిగు! దిగి నా బిడ్డకు తోవ విడువు!"

సూర్యుడు మాట్లాడలేదు. మాట్లాడితే బహుశా ఇలా అనేవాడు: "ఓరి అమాయకుడా! నేనెక్కడికీ పోలేదు, ఎన్నడూ పోను. మీ పెరట్లో నువ్వు కదలకుండా కూర్చున్నావు కనుక నేను దిగినట్టు కనబడ్డాను. ఇవాళ గంటకు ఆరేడు వందల కిలోమీటర్ల చొప్పున నా వెంట పడింది నువ్వు. వెంటపడ్డవాడే 'పో పో' అంటే ఎలాగురా?"

"ఎవరితోనండీ ఆ మాటలు? ముందు సీట్లో ఆవిడ బెదిరిపోతంది," అంది వీరాయమ్మ. ఆ కంఠంలో ఎప్పుడూ ఉండే పదును లేదు. అమ్మిరాజు తిరిగి చూశాడు. ఆవిడ కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చింది.

"ఏవైందే?"

"ఏం లేదు. కొంచెం కళ్ళు తిరుగుతున్నట్టుంది. రాత్రి బస్సులో నిద్దర్లేదు గదా."

"ఆ పళ్ళెం తీసుకుని నువ్వు తినెయ్యి."

"మీరు తినకుండానా? భలేవోరే."

"మొక్కు నాది. నీది కాదు."

"కూతురు మీదొక్కరిదేనా?"

ఆ ఒక్క మాటతో అమ్మిరాజు నిరాయుధుడయ్యాడు. జాన్‌కు జాలేసి, కిటికీ తెర చరచరా కిందికి లాగేశాడు. ఆ మూల మసక కమ్మింది. పైకప్పులో చిన్న చిన్న దీపాలు మిణుకుమంటున్నాయి.

"ఇదిగోనండి బాబాయ్‌గారూ, చీకటడింది. అయిగో చుక్కలు. కానియ్యండి."

"తప్పు నాయనా. తెర నువ్వు దించితే రాత్రవుద్దా?"

"నిజవేననుకోండి. పిన్నిగారిని చూసి అన్నాను."

ఇప్పుడు వీరాయమ్మ కళ్ళు తెరిచి, ఆ పూటకు తన దగ్గరున్న బ్రహ్మాస్త్రాన్ని సంధించింది. "నే చెప్పేది వినండి. మనూళ్ళో ఆరున్నరయింది. గుళ్ళో ఆకాశదీపం ఎత్తేసుంటారు. చుక్క పొడిచేసుంటది. మొక్కుకుంది అక్కడ. విన్న స్వామీ అక్కడే. ఆయనకి చుక్క పొడిచేక మనకి పొడవనట్టెలాగండీ?"

ఇక్కడ నాకూ ఒక సందేహం ఉంది. ఆవిడ మాటలో తప్పెక్కడుంది? మనం దణ్ణం పెట్టేది ఊరి దేవుడికి. ఊరు వదిలి వెళ్ళినవాడికి ఏ ఊరి పొద్దు లెక్క? ఇన్ని వేలమంది ఎడారికెళ్ళి పని చేస్తున్నారే, వారి ఉపవాసాలను స్వామి ఏ గడియారం పెట్టి కొలుస్తున్నాడు? శాస్త్రం తెలిసినవారు చెప్పాలి. అమ్మిరాజు చదివింది ఏడో తరగతి. అయినా ఆయన తెరను వేలెడంత పైకెత్తి, బయటకు చూసి, మెల్లగా ఇలా అన్నాడు.

"స్వామికి కుడికన్ను సూర్యుడంటారు గదే. ఆ కన్ను తెరిచి సూటిగా నన్నే చూస్తున్నాడు. చూస్తుండగా ముద్ద నోట్లో ఎట్టా పెట్టుకోనూ? చూడనప్పుడు తప్పు చేసినా చెయ్యొచ్చేమో గానీ."

వీరాయమ్మ ఆ వేలెడంత వెలుగు వంక చూసింది. "అదీ నిజవేలెండి," అంది. "అయితే కళ్ళు మూసుకుంటాను. దిగాక చెప్పండి."

జాన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తెరను మళ్ళీ మొత్తం పైకెత్తేశాడు. "సరే బాబాయ్‌గారూ. నేను కాపలా కాస్తాను. ఆయన ఎప్పుడు దిగితే అప్పుడు చెబుతాను."

అక్కడి నుంచి జరిగినది రెండు రథాల పరుగు. కింద సముద్రం రాగిరేకులా మెరుస్తున్నది. సూర్యుడు బంగారమయ్యాడు, కుంకుమయ్యాడు, దానిమ్మపండయ్యాడు, కానీ అంచును మాత్రం వదలలేదు. పళ్ళెంలోని అన్నం చల్లారింది, పప్పు గడ్డకట్టింది. ఆపైన విమానం ముక్కు వంచింది. వడ్డించే అమ్మాయి పరుగున వచ్చి, "సారీ సార్, దిగుతున్నాం, పళ్ళేలు తీసెయ్యాలి" అని, నిజంగానే బాధపడుతూ, చెక్కుచెదరని కవచంతో ఉన్న రెండు భోజనాలనూ తీసుకెళ్ళిపోయింది. ఒక్క మెతుకు నేలరాలకుండా ఓడిన సేన చరిత్రలో అదొక్కటే.

"మునిగేడండీ!" అన్నాడు జాన్ ఉన్నట్టుండి. ఎడారి అంచున ఎర్రటి చాయ ఒక్కటే మిగిలింది. మరు నిమిషంలో చక్రాలు నేలను తాకాయి. పందెం ఎవరు గెలిచారో మధ్యవర్తి లేక తేలలేదు గానీ, ఇద్దరూ దిగారు.

సూర్యుడు దిగడం వేరు, చుక్క పొడవడం వేరు. లోపలికి పోతే పైకప్పులు. ఆ పైన పాస్‌పోర్టుల వరస, వీసాల వరస, సంచుల వరస. ఆకాశం మళ్ళీ ఎప్పుడు కనబడుతుందో తెలియదు. వీరాయమ్మ లేచి నిలబడితే కాస్త తూలింది. జాన్ ఆవిడ చేతిసంచీ తీసుకున్నాడు. విమానం ద్వారం దగ్గరికి రాగానే అమ్మిరాజుకు అర్థమైంది, యుద్ధభూమి ఇదేనని. ద్వారానికి ఆనించిన నిచ్చెనమెట్లు, వాటి మీద బోలెడంత ఆకాశం.

రెండో మెట్టు మీద అమ్మిరాజు ఆగాడు. తల పైకెత్తాడు. వెనక నూటయాభై మంది ఆగిపోయారు.

"ఏంటండీ, నడవండి!"

"ఎవరు బాబూ ముందు? బస్సు పోద్ది!"

అమ్మిరాజు ఇరుపక్కలా కమ్మీలు పట్టుకుని, సేతువుకు అడ్డుపడిన పర్వతంలా నిలిచి, వెనుతిరగకుండానే పలికాడు: "సోదరులారా! ఉదయం నుంచీ ఈ దంపతుల కడుపున గింజ లేదు. ఒక్క చుక్క! ఒకే ఒక్క చుక్క కనబడిన మరుక్షణం ఈ మెట్లు మీవి, ఆ బస్సు మీది, ఈ దేశమంతా మీది!"

"కార్తీక సోమారం అండీ, చుక్క కోసం," అని జాన్ వెనక్కి తిరిగి విడమరిచి చెప్పాడు. ఆ మాట మెట్ల మీది నుంచి విమానంలోకి పాకింది. విచిత్రం, తోపులాట ఆగింది. తలలు ఒక్కొక్కటే పైకి లేచాయి. ధూళి కప్పిన ఆకాశాన్ని అందరూ వెతకసాగారు.

"అదిగో!" అన్నాడు ఎవరో. ఉత్తరాన తెల్లగా, నిండుగా, ధగధగలాడుతూ ఒక తార! అమ్మిరాజు చేతులు జోడించాడు. పెదవులు కదిలాయి. తార ఇంకాస్త పెద్దదయింది. మరీ పెద్దదయింది. రెండు దీపాలయింది. హోరుమంటూ వచ్చి పక్క దారిలో వాలింది.

"విమానవండీ అది," అన్నాడు జాన్. వెనక అందరూ ఘొల్లుమన్నారు. అమ్మిరాజు కూడా నవ్వాడు. నవ్వుతూనే జోడించిన చేతులు విప్పలేదు, విప్పితే పట్టు సడలిపోతుందేమోనని.

"ఏవండీ." వీరాయమ్మ ఆయన భుజం పట్టుకుని, పడమర వైపు గడ్డం ఎత్తి చూపించింది. "అది కదలట్లేదు చూడండి."

ఎరుపు ఇంకా ఆరని చోట, కాస్త పైన, దుమ్ములోంచి, అగ్గిపుల్ల మొనంత వెలుగు. అమ్మిరాజు రెప్ప వేయకుండా చూశాడు. జాన్ చూశాడు. అది కదలలేదు, పెద్దదవలేదు, హోరుమనలేదు. ఊరికే ఉంది. చుక్కే.

"శివ శివా," అన్నాడు అమ్మిరాజు. అంతకన్నా పెద్ద ఉపన్యాసం ఏదీ ఆయన నోట ఆ క్షణాన రాలేదు.

వీరాయమ్మ గుప్పిట విప్పింది. అందులో నలిగిన చిన్న కాగితం పొట్లం. విమానంలో జాన్ చప్పటి టీ తాగి వదిలేసిన పంచదార. "ఇదొక్కటే దొరికిందండీ. కానివ్వండి."

అమ్మిరాజు పొట్లం చింపాడు. నాలుగు పలుకులు అరచేతిలో పోసుకున్నాడు. మొక్కు తీరింది. ఇక ఎవరు ముందు తినాలన్నది ఆయన ఇష్టం. చెయ్యి తన నోటి దాకా వెళ్ళి, దారి మళ్ళింది.

"అయ్యో, మీరు ముం..." అనబోయిన వీరాయమ్మ నోట్లో పంచదార పడింది. నోరు మూతపడింది. కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. మూడు వందల మందిలో సగం మంది చూస్తుండగా! మిగిలిన ఒక్క పలుకును అమ్మిరాజు తన నాలుక మీద వేసుకున్నాడు.

ఈ విధంగా, మూడువేల పైచిలుకు కిలోమీటర్ల గగనమార్గాన, అయిదు గంటల పాటు అవిశ్రాంతంగా సాగిన సూర్యసంగ్రామంలో, ముక్తేశ్వర పురవర నారికేళ వర్తక శిరోమణి అమ్మిరాజు దిగ్విజయం సాధించాడు. జయలబ్ధి: చిటికెడు పంచదార. అందులోనూ ముప్పాతిక వంతు రాణిగారికే దక్కింది. విజయదుందుభి స్థానంలో, వెనక నుంచి ఎవరో "ఇహ నడుస్తారా అండీ?" అన్నారు. "ఆయ్! నడుస్తున్నావండీ," అని మహావీరుడు మూడో మెట్టు దిగాడు.